మీ వెబ్ యాప్‌కి వచ్చిన వాళ్ల అసలు ఐపీ అడ్రస్ తెలుసుకోవడం ఎలా?

మీ యాప్‌లో ఓటీపీ పేజీ ఉందనుకోండి. ఒక ఐపీ నుంచి గంటకి 5 సార్లు మించి ఓటీపీ అడగకూడదని రూల్ పెట్టారు. అయినా ఎవడో వేలకొద్దీ ఎస్సెమ్మెస్‌లు పంపించేస్తాడు, బిల్లు మీకు పడుతుంది. ఇలాంటి కోడ్ నా దగ్గరికి వస్తే నేను ముందు చూసేది ఐపీ తీసుకునే లైన్‌నే.

పీహెచ్‌పీలో రిమోట్ అడ్రస్ అని ఒక వేరియబుల్ ఉంటుంది. సర్వర్‌కి నేరుగా కనెక్ట్ అయిన మెషీన్ ఐపీ అది. టీసీపీ కనెక్షన్ కుదరాలంటే జవాబు ఆ అడ్రస్‌కే వెళ్లాలి కాబట్టి అందులో నకిలీ ఐపీ పెట్టడం దాదాపు కుదరని పని. కానీ మీ యాప్ ముందు ఎంజిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ ఉంటే కనిపించేది దాని ఐపీనే. రెండూ ఒకే సర్వర్‌లో ఉంటే లోకమంతా 127.0.0.1 నుంచే వచ్చినట్టు ఉంటుంది!

అందుకే ప్రాక్సీలు ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్ పంపిస్తాయి. నెట్‌లో దొరికే చాలా కోడ్‌లు ఇందులో మొదటి ఐపీని తీసేసుకుంటాయి. కొంప మునిగేది ఇక్కడే. హెడర్ అంటే అవతలి వాడు తనకి నచ్చింది రాసి పంపగలిగేది. కర్ల్ కమాండ్‌తో 1.2.3.4 అని పంపాడనుకోండి, ప్రాక్సీ సాధారణంగా దాన్ని చెరపదు, పక్కన తను చూసిన ఐపీని తగిలిస్తుంది: 1.2.3.4, 203.0.113.7. ఇందులో నమ్మదగ్గది రెండోదే. మొదటిది ప్రతి రిక్వెస్ట్‌కీ మారుస్తూ పోతే మీ రూల్ ఎప్పటికీ పనిచేయదు.

కాబట్టి కుడివైపు నుంచి లెక్కపెట్టండి. ముందు మీ ప్రాక్సీ ఒకటే ఉంటే చివరిది, రెండుంటే చివరి నుంచి రెండోది. ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్లు ట్రస్ట్ ప్రాక్సీ సెట్టింగ్‌కి ఆ సంఖ్యే ఇవ్వండి. ట్రూ అని పెడితే ఎడమ చివరిది తీసుకుంటుంది, మళ్లీ మొదటికే వస్తాం. యాప్ పోర్ట్ బయటికి తెరిచి ఉంచకండి, లేకపోతే ప్రాక్సీని దాటేసి నేరుగా వచ్చేస్తారు.

ఇంకోటి, మొబైల్ నెట్‌లో ఒకే ఐపీవీ4 అడ్రస్‌ని ఎంతోమంది పంచుకుంటారు. ఐపీ ఒక్కటే చూసి బ్లాక్ చేస్తే ఏ పాపం తెలియని వాళ్లూ ఆగిపోతారు, ఫోన్ నంబర్‌కి కూడా లిమిట్ పెట్టండి. ఐపీవీ6లో దీనికి తిరకాసు: ఒక్క ఇంటికే లెక్కలేనన్ని అడ్రస్‌లు ఉంటాయి, అక్కడ మొదటి 64 బిట్లనే ఒక మనిషిగా లెక్కేయడం నయం. డేటాబేస్ కాలమ్‌కి 45 అక్షరాలు ఇవ్వండి, 15 సరిపోవు.

అంతా అయ్యాక మీ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి ఆ నకిలీ హెడర్‌తో మీ సైట్‌కే ఒక రిక్వెస్ట్ కొట్టి లాగ్ చూడండి. 1.2.3.4 కనిపిస్తే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.