నహానీ నదిపై దోనెప్రయాణము

కెనడా దేశపు వాయవ్యమున మెకంజీ పర్వతములు కలవు. వాని నడుమ పుట్టి, ఆగ్నేయముగ 500 కిలోమీటర్లకు పైబడి ప్రవహించి, లియార్డు నదిలో కలియునది దక్షిణ నహానీ. శీతకాలమున గడ్డకట్టు ఈ నదికి వేసవిలో దూరదేశములనుండి సాహసికులు వత్తురు. నీటిపై వాలు చిన్న విమానములు వారిని, వారి కెనూలను ఎగువభాగమున దింపి వెడలిపోవును. కెనూ యనగా తెడ్లతో నడుపు సన్నని తేలికదోనె. అక్కడినుండి దిగువకు వచ్చుటకు పలుదినములు పట్టును.

ఈ నది తన చుట్టునున్న కొండలకంటె వయస్సున పెద్దది. ఒకప్పుడు అది సమతలభూమిపై వంపులు తిరుగుచు పారుచుండెను. పిమ్మట లక్షలకొలది ఏండ్లలో నేల మెల్లమెల్లగా పైకి లేచెను. నది తన పాత వంపులను విడువక, లేచుచున్న రాతిని కోసికొనుచు ఆ దారినే నిలుపుకొనెను. ఱంపము ఉన్నచోటనే కోయుచుండగా దుంగను క్రిందినుండి పైకెత్తినట్లు ఊహించుకొనుడు. ఇట్లేర్పడిన గండ్లలో గోడలు కొన్నియెడల సుమారు వేయి మీటర్ల యెత్తుండును.

డెనే జాతివారు తరతరములుగ ఈ ప్రాంతమున జీవించుచున్నారు. పూర్వము వారు చలికాలమంతయు కొండలలో వేటాడి, వసంతమున మంచు కరగగానే, మూస్ అను పెద్దజాతి దుప్పుల తోళ్లను కలిపి కుట్టి, కొయ్యచట్రమునకు బిగించి పడవ చేసెడివారు. పిల్లలు, కుక్కలు, బొచ్చుతోళ్ల మూటలు, అన్నియు దానిలోనే! వర్తకస్థానము చేరగానే పడవను విప్పి, ఆ తోళ్లను వేరు పనులకు వాడుకొని, కాలినడకను కొండలకు మరలెడివారు. ఇంత పొదుపైన నౌకానిర్మాణము లోకమున అరుదు.

బంగారమునకై వచ్చినవారి కథ వేరు. మెక్లౌడ్ సోదరు లిరువురి కళేబరములు 1908లో తలలు లేక కనబడెనట. వదంతులు వ్యాపించెను. 1927లో ఇచ్చటికి వచ్చిన ప్యాటర్సన్ అను ఆంగ్లేయుడు 1954లో ప్రకటించిన గ్రంథమునకు 'ప్రమాదకరమైన నది' అను అర్థమిచ్చు పేరే పెట్టెను. ఆ భయమే జనులను మరింత ఆకర్షించెను!

నదీమార్గమున వర్జీనియా జలపాతము కలదు. డెనేవారు దానిని నైలిచో అందురు. దాని యెత్తు 90 మీటర్లకు పైబడి, నయాగరాకు రమారమి రెట్టింపు. ఎంతటి నిపుణుడైనను ఇక్కడ గట్టెక్కి, దోనెను మోసికొని నడువవలసినదే. ఈ జలశక్తితో విద్యుత్తును పుట్టింపవలెనను ఆలోచన ఒకప్పుడు సాగెను. అట్లు జరిగినచో ఆ ఘోష నేడు వినబడకపోయెడిది. 1970లో నాటి ప్రధాని పియరీ ట్రూడో స్వయముగ ఈ నదిపై కెనూలో ప్రయాణించెను. 1972లో ప్రభుత్వము ఈ ప్రాంతమును జాతీయోద్యానమునకై ప్రత్యేకించెను. 1978లో యునెస్కో దీనిని ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తించెను. 2009లో ఉద్యానము సుమారు 30,000 చదరపు కిలోమీటర్లకు విస్తరించెను.

జలపాతమునొద్ద గండ్లు మొదలగును. చిత్రమేమనగా, మొదట వచ్చునది నాలుగవ గండి. చివర వచ్చునది మొదటిది! పూర్వపు అన్వేషకులు ప్రవాహమున కెదురుగ వచ్చుచు లెక్కించుటచే ఇట్లయ్యెను. మొదటి గండి దాటినపిదప తీరమున గంధకపు వాసనగల వేడినీటి ఊటలు కలవు. అలసిన యాత్రికులు దోనెలను ఒడ్డున కట్టి, అందు స్నానమాడుదురు. ఆపై నది వెడలుపై, పలుపాయలుగ చీలి, తొందరలేక లియార్డు వైపునకు సాగును.