గుండె పంపు గురించి ముందే అడగండి

ప్రశ్నలు – జవాబులు

కృత్రిమ గుండె గురించి మన జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ వారం జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్లు. గుండెపోటు వచ్చాక స్టెంట్లు వేశారు. ఇప్పుడు పంపింగ్ 20 శాతమే ఉందంటున్నారు. ఈ ఏడాది ఆయాసంతో మూడుసార్లు ఆస్పత్రిలో చేర్చాం. "కృత్రిమ గుండె పెట్టించేస్తే సరిపోద్ది కదా" అంటున్నారు మా బాబాయిలు. అలాంటిది నిజంగా ఉందాండీ?
– ఒక కూతురు, తణుకు

జవాబు: ఉందమ్మా. అయితే అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, పాడైన గుండెను తీసేసి దాని స్థానంలో యంత్రం పెట్టడం. 1982 డిసెంబరులో అమెరికాలో బార్నీ క్లార్క్ అనే దంతవైద్యుడికి జార్విక్-7 అనే గుండె పెట్టారు. ఆయన 112 రోజులు బతికారు. 2024 జులైలో హ్యూస్టన్‌లో బైవాకోర్ అనే టైటానియం గుండెను మొదటిసారి మనిషికి అమర్చారు. ఈ రకం ఇప్పటికీ చాలా కొద్దిమందికే పెడుతున్నారు, అదీ ఎక్కువగా దాత గుండె దొరికేదాకా.

రెండోది ఎల్‌వాడ్. మీ నాన్నగారిలాంటి వారి విషయంలో డాక్టర్లు ఆలోచించేది దీన్నే. ఇందులో గుండెను తీయరు. ఎడమ జఠరిక కొనకు చిన్న పంపు బిగిస్తారు. అది రక్తాన్ని లాగి గొట్టం ద్వారా బృహద్ధమనిలోకి తోస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న హార్ట్‌మేట్ 3 పంపు బరువు పావుకిలో కూడా ఉండదు. లోపలి చక్రం అయస్కాంత శక్తితో తేలుతూ తిరుగుతుంది కాబట్టి అరుగుదల ఉండదు.

ఇక పంపింగ్ సంగతి. ఎడమ జఠరికలోని రక్తంలో ఎంత శాతం ప్రతి దెబ్బకూ బయటికి వెళ్తుందో చెప్పే లెక్క అది. మామూలు మనిషికీ 55 నుంచి 70 దాకానే ఉంటుంది. 20 అంటే బాగా తక్కువే, కానీ ఆ ఒక్క అంకె చూసి ఆపరేషన్ నిర్ణయించరు. ముందు నాలుగు రకాల మందులు సరైన మోతాదులో పడుతున్నాయో లేదో చూస్తారు. ఈ మందులతోనే పంపింగ్ పెరిగి కోలుకున్నవారు ఎందరో ఉన్నారు. పూడుకున్న రక్తనాళాలకు బైపాస్ కుదురుతుందా, ప్రత్యేక పేస్‌మేకర్ పనికొస్తుందా అనీ పరిశీలిస్తారు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మూడుసార్లు ఆస్పత్రిలో చేరడం. అలా పదేపదే చేర్చాల్సి రావడం, బీపీ పడిపోయి మందులు తగ్గించాల్సి రావడం, నీరు తీసే మాత్ర మోతాదు పెరుగుతూ పోవడం, క్రియాటినిన్ ఎక్కడం, నాలుగు అడుగులకే ఆయాసం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గుండె మార్పిడి, ఎల్‌వాడ్ చేసే పెద్ద కేంద్రంలో ఒకసారి చూపించాలి. కిడ్నీలు, లివరు దెబ్బతినకముందే వెళ్లాలి. అవి పాడయ్యాక వెళ్తే పంపు పెట్టే అవకాశం చేజారిపోతుంది. ఆయన తన కాళ్ల మీద నడుస్తున్నప్పుడే తీసుకెళ్లండమ్మా.

ప్రశ్న: మాది కొల్లేరు పక్క ఊరు, చేపల చెరువులున్నాయి. అన్నయ్యకు ఎల్‌వాడ్ పెట్టాలన్నారు. గాలివానొస్తే మాకు రెండు మూడు రోజులు కరెంటుండదు. యంత్రం ఆగిపోతే ఎలాగండీ? అన్నయ్య మళ్లీ చెరువులో దిగొచ్చా?
– ఒక తమ్ముడు, కైకలూరు

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగావు తమ్ముడూ. పంపు నుంచి ఒక తీగ పొట్ట చర్మంలోంచి బయటికి వస్తుంది. అది నడుముకు కట్టుకునే కంట్రోలర్‌కు, ఆ కంట్రోలర్ రెండు బ్యాటరీలకు కలిసి ఉంటాయి. నిండా చార్జి చేసిన జత పగలంతా వస్తుంది. రాత్రి కరెంటుకు కలిపి పడుకుంటారు. రెండు బ్యాటరీలనూ ఒకేసారి తీయకూడదు. ఒకటి తీసి, కొత్తది పెట్టి, తర్వాతే రెండోది మార్చాలి.

మీ దగ్గర ఏరియేటర్ల కోసం జనరేటరు ఉంటే ఇంటికీ అలాంటి ఏర్పాటు కావాలి. అయితే యంత్రం చార్జర్‌ను దానికి నేరుగా కలపొచ్చా, మధ్యలో ఏం పెట్టాలి అన్నది ఆస్పత్రి ఇంజినీరునే అడగండి. అదనపు బ్యాటరీలు ఎప్పుడూ చార్జి చేసి ఉంచండి. సబ్‌స్టేషన్‌లో, లైన్‌మన్‌కు ముందే చెప్పి పెట్టండి. తుపాను హెచ్చరిక రాగానే, నీళ్లు రాకముందే, అన్నయ్యను ఏలూరులోనో విజయవాడలోనో ఉన్న చుట్టాలింటికి చేర్చేయండి.

చెరువులో దిగడం మాత్రం ఇక కుదరదు. కాలువ స్నానాలు, ఈత కూడా. తీగ బయటికొచ్చే చోట తడి చేరితే చీము పడుతుంది, అది లోపలి దాకా పాకితే ప్రాణం మీదికొస్తుంది. ఆ చోట శుభ్రంగా కట్టు మార్చడం ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి. గట్టు మీద కుర్చీ వేసుకుని మేత, లెక్కలు చూసుకోవచ్చు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రోజూ వేసుకోవాలి, ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. తోటకూర, గోంగూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు ముట్టకపోతేనే ఐఎన్ఆర్ లెక్క తప్పుతుంది. ఒళ్లునొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్ చేయించుకోవద్దు. వార్ఫరిన్ మీద ఉన్నవారికి రక్తస్రావం కావచ్చు. పంపు లేని గుండె జబ్బువాళ్లకూ ఆ మందులు ఒంట్లో నీరు నిలిపి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇంకొకటి, ఈ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంది కాబట్టి చాలామందికి నాడి చేతికి అందదు. కంగారుపడకండి. ఆ సంగతి రాసిన కార్డు ఎప్పుడూ ఆయన జేబులో ఉంచండి.

ప్రశ్న: ఖర్చెంతవుద్దండీ? పొలం అమ్మి పెట్టించమంటారా? పెట్టించాక ఎన్నాళ్లు బతుకుతారు?
– ఒక రైతు, తాడేపల్లిగూడెం

జవాబు: పంపు దిగుమతి సరుకు. ఆస్పత్రి ఖర్చులతో కలిపి కోటి రూపాయల దాకా వెళ్తుంది. తర్వాత మందులు, పరీక్షలు, కట్లు, ప్రయాణాలు ఉంటాయి. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో హార్ట్‌మేట్ 3 పెట్టుకున్నవారిలో ఐదేళ్ల తర్వాత నూటికి 58 మంది దాకా సజీవంగా ఉన్నారు. మందులకు లొంగని ఈ దశలో అది పెద్ద మేలే. పక్షవాతం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కుడివైపు గుండె బలహీనపడటం వంటి ప్రమాదాలు దాని వెంటే ఉంటాయి.

పొలం అమ్మే ముందు మూడు పనులు చేయండి. మరో కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోండి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వస్తుందో, ఏది రాదో తెలుసుకోండి, ముఖ్యమంత్రి సహాయనిధికీ దరఖాస్తు పెట్టండి. గుండె మార్పిడికి అర్హత ఉందేమో అడగండి. ఉంటే అదే మేలైన దారి. తక్కువ ధరలో మన దేశంలోనే పంపు తయారు చేయాలని ఐఐటీ కాన్పూర్ ‘హృదయంత్ర’ పేరుతో పని చేస్తోంది. అది రోగుల దాకా రావాలని నేనూ ఎదురుచూస్తున్నాను.

ప్రశ్న: అమ్మకు 78 ఏళ్లు. గుండెతో పాటు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. పంపు పెట్టలేమన్నారు. మేమేమైనా తక్కువ చేస్తున్నామా?
– ఒక కొడుకు, అత్తిలి

జవాబు: లేదు నాయనా. ఆ ఒంటికి అంత పెద్ద ఆపరేషన్ మేలు కన్నా కీడే చేస్తుంది. చేయగలిగింది ఇంకా చాలా ఉంది. రోజూ పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు పక్కన పెట్టండి. ఆయాసం, నొప్పి, నిద్రలేమి తగ్గించే పాలియేటివ్ వైద్యం కావాలని అడగండి. అది చేతులెత్తేయడం కాదు. ఆస్పత్రికి వెళ్లాలా, ఇంట్లోనే ఉండాలా అన్నది ఆవిడ మాట్లాడగలిగినప్పుడే ఆవిడనే అడగండి.

ప్రశ్న: మావారి పేరు గుండె మార్పిడికి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేశారు. ఇదంతా హైదరాబాద్, చెన్నైలలోనేనా? మన వైపు జరుగుతుందా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: జరుగుతోందమ్మా. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారు. 2016 మేలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్చింది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో 2023 జనవరి నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో తీసుకెళ్లారు. బయటికి తీసిన గుండె నాలుగు గంటల్లోపు మరొకరి ఒంట్లో కొట్టుకోవాలి కాబట్టే అంత పరుగు. మీరూ ఫోన్ రాగానే బయల్దేరేలా కారు, డబ్బు, తోడు సిద్ధం చేసుకోండి.

డాక్టర్లు, పరికరాలు ఉన్నాయి. కొరతల్లా గుండెలదే. బ్రెయిన్ డెత్ అయిన మనిషికి, వెంటిలేటర్ మీద కొంతసేపు గుండె కొట్టుకుంటున్నా, తిరిగి స్పృహ రాదు. చట్టప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే అది ఖరారవుతుంది. ఆ దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని అప్పుడు అవయవదానం గురించి అడిగితే చాలామంది వద్దంటారు. పోయినవాళ్ల ఇష్టమేమిటో వాళ్లకు తెలియకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. అందుకే ఇది చదువుతున్న అందరినీ కోరుతున్నాను. ఈ వారమే, ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నప్పుడు, అవయవదానంపై మీ నిర్ణయం మీవాళ్లకు చెప్పండి.