ధనుర్వాతం – ఎవరి రక్షణ వారిదే

మా పెదకాకాని ప్రాంతంలో పత్తి తీతలు అయిపోయాక చేలో మోళ్ళు నిలబడి ఉంటాయి. అరికాల్లో మోడు దిగని రైతు గాని, కూలి గాని లేరంటే అతిశయోక్తి కాదు. మోడు లాగి పారేసి, కాస్త పసుపో సున్నమో అద్ది మళ్ళీ పనిలోకి దిగడం మనవాళ్ళకు అలవాటు. అడిగితే "చిన్న దెబ్బేలే" అంటారు. ధనుర్వాతం విషయంలో ఆ చిన్న దెబ్బే పెద్ద ప్రమాదమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధనుస్సు అంటే విల్లు. రోగి శరీరం విల్లులా వెనక్కి వంగిపోతుంది కనుక ఆ పేరు వచ్చింది. కారణం క్లాస్ట్రీడియం టెటని అనే బాక్టీరియా. జబ్బు మట్టి నుంచి వస్తుందని 1884లో జర్మనీకి చెందిన నికొలాయర్ జంతువులపై ప్రయోగాలు చేసి చూపించాడు. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో ఆ బాక్టీరియాను విడదీసి పెంచగలిగాడు. పేడలోనూ, పెంట తోలిన చేలలోనూ ఇది స్పోరు రూపంలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మామూలుగా మరిగించినంత మాత్రాన స్పోరు చావదు. ఆటోక్లేవులో 121 డిగ్రీల సెంటిగ్రేడు ఆవిరి పట్టాల్సిందే.

ఈ బాక్టీరియా ఆక్సిజన్ ఉన్నచోట పెరగదు. రహస్యమంతా ఇక్కడే ఉంది. మోడు, తుమ్మముల్లు, మేకు చేసే గాయం పైకి చిన్నదే అయినా లోతుగా ఉండి, గాలి ఆడదు. మట్టితో పాటు లోపలికి పోయిన స్పోర్లు అక్కడ మొలకెత్తుతాయి. తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందనుకోవడం అపోహ. తప్పు తుప్పుది కాదు, దానికి అంటిన మట్టిది.

బాక్టీరియా గాయంలోనే ఉంటుంది. అది తయారుచేసే విషం మాత్రం నరాల వెంట వెన్నుపాము చేరుతుంది. బండి ఎద్దుకు పగ్గం ఎలాగో, మన కండరాలకు కొన్ని నరకణాలు అలాగ. అవి గ్లైసిన్, గాబా అనే రసాయనాలు విడుదల చేసి కండరాల బిగువును అదుపులో ఉంచుతాయి. విషం ఆ విడుదలనే ఆపేస్తుంది. పగ్గం తెగినట్టే! సాధారణంగా దెబ్బ తగిలిన 3 నుంచి 21 రోజుల లోపల దవడలు బిగుసుకుంటాయి. మింగుడు పడదు. మెడ, వీపు కొయ్యబారతాయి. చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా మూర్ఛలాగ కొట్టుకుంటారు. స్పృహ మాత్రం ఉంటుంది, బాధంతా తెలుస్తూనే ఉంటుంది. నరాన్ని పట్టుకున్న విషాన్ని విడిపించే మందు లేదు. యాంటీటాక్సిన్ ఇచ్చినా, ఇంకా నరానికి అంటని విషంపైనే పనిచేస్తుంది. అందుకే నివారణ ముఖ్యం.

ఇక్కడ మన రాష్ట్రం గర్వించదగ్గ సంగతి ఒకటుంది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల పసికందుల ధనుర్వాతాన్ని అదుపు చేసి, 2003లో దేశంలో అందరికంటే ముందు గుర్తింపు పొందిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2015 నాటికి దేశమంతా ఆ స్థితికి చేరింది. అయితే ఇది మశూచిలాగ రూపుమాసిన జబ్బు కాదు. మనిషి నుంచి మనిషికి అంటదు గనుక, ఊరంతా టీకా వేయించుకున్నా వేయించుకోనివాడికి రక్షణ లేదు. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినా మళ్ళీ రాదన్న భరోసా లేదు.

పిల్లలకు టీకాలున్నాయి, 10, 16 ఏళ్ళకు టీడీ ఉంది, గర్భిణులకు ఉంది. మరి బడి ముఖం చూడని మన నాన్నలకు, తాతలకు? ఎన్నడూ వేయించుకోనివారు మొదటి మోతాదు, నెలకు రెండోది, ఆపైన ఆరు నెలల నుంచి ఏడాది లోపల మూడోది తీసుకోవాలి. తర్వాత పదేళ్ళకొకసారి బూస్టరు. దెబ్బ తగిలితే ధారగా నీళ్ళు పోసి సబ్బుతో కడగాలి. పేడ, బూడిద, సున్నం పెట్టరాదు. మట్టి దూరిన గాయమై, చివరి ఇంజెక్షను వేసి ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించాలి. అసలు టీకాలే లేనివారికి ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది. అది డాక్టరు నిర్ణయించాలి.

మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు "నాన్నా, నువ్వు ఆ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నావు?" అని అడగండి. గుర్తులేదంటే మర్నాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకు వెళ్ళండి. మనం చదివిన సైన్సు ఆ మాత్రం ఇంటికి చేరాలి.