నురగలో ఏముంది?

మఠంపల్లిది సున్నపురాయి నేల. ఆ రాయి ఉండబట్టే ఈ మండలంలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ నీరే బోరులో పైకి వస్తుంది. ఇలాంటి నీళ్లలో పప్పు తొందరగా ఉడకదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పక్కు కడుతుంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. దీన్నే కఠిన జలం అంటారు.

సబ్బు వేరు, పౌడరు వేరు

సబ్బును నూనె, కాస్టిక్ సోడా కలిపి చేస్తారు. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అవి సబ్బుతో కలిసి తెట్టుగా మారతాయి. సబ్బు ఊరికే అరిగిపోతుంది.

బట్టల పౌడరును డిటర్జెంటు అంటారు. ఇందులోని ముఖ్యమైన రసాయనాన్ని ఎక్కువగా పెట్రోలియం నుంచి తయారు చేస్తారు. దాని ప్రతి అణువుకు ఒక తల, ఒక తోక ఉన్నాయనుకోండి. తోక జిడ్డును పట్టుకుంటుంది. తల నీటిని పట్టుకుంటుంది. అట్లా జిడ్డు బట్టను వదిలి నీళ్లలోకి వస్తుంది. కఠిన జలంలో కూడా ఇది పని చేస్తుంది.

"ఇంకో గుప్పెడు పొయ్యి బిడ్డా, నురగ రావాలె" అంటుంది అత్త.

"నురగతోని మురికి పోదత్తా, నానబెడితే పోతది. నురగ ఎక్కువైతే జాడించనీకి ఇంకో నాలుగు బిందెలు మొయ్యాలె" అంటుంది కోడలు.

కోడలి మాటే నిజం.

చేతులకు ఏమవుతుంది?

మన చర్మం మీద సన్నని నూనె పొర ఉంటుంది. పౌడరుకు బట్ట మీది జిడ్డు, చేతి మీది నూనె రెండూ ఒకటే. అందులోని సోడా కూడా చర్మాన్ని ఎండగొడుతుంది. రోజూ ఉతికే వారికి చేతులు పగులుతాయి, మండుతాయి, దురద పెడతాయి.

చెరువుకు ఏమవుతుంది?

ఉతికిన నీళ్లు కాలువలోకి, కుంటలోకి, చివరకు కృష్ణలోకి చేరతాయి. కొన్ని పౌడర్లలో ఫాస్ఫేటు ఉంటుంది. పొలానికి వేసే డి.ఎ.పి.లోనూ ఫాస్ఫేటు ఉంటుంది. పొలంలో అది పంటను పెంచుతుంది. చెరువులో నాచును, గుర్రపుడెక్కను పెంచుతుంది. నాచు చచ్చి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. చేపలు చస్తాయి.

1950లలో వచ్చిన డిటర్జెంట్లు నీళ్లలో తొందరగా కుళ్లేవి కావు. అమెరికా, యూరప్ నదులు నురగలు కక్కాయి. 1960లలో కంపెనీలు రసాయనాన్ని మార్చాయి. ఇప్పటిది గాలి ఆడే నీళ్లలో తొందరగానే విరిగిపోతుంది. కానీ గాలి ఆడని మురుగులో విరగదు. 2015లో బెంగళూరులోని బెళ్లందూరు చెరువు నురగ రోడ్డు మీదికి వచ్చింది. ఊరి మురుగు, డిటర్జెంట్లు ఆ చెరువులో కలవడమే కారణం.

ఏం చేయాలి?

1. పౌడరు కొలిచి వేయండి. బట్టలు అరగంట నానబెట్టండి.
2. బోరు దగ్గర, చెరువు గట్టున ఉతకకండి. నీళ్లు ఇంకుడు గుంతలోకి పోనివ్వండి.
3. సోడా నీళ్లు మొక్కలకు పోయకండి. చివరిసారి జాడించిన నీళ్లు పోయవచ్చు.
4. పని అయ్యాక చేతులు మంచి నీళ్లతో కడిగి కొబ్బరి నూనె రాయండి. పుండ్లు పడితే ఆస్పత్రిలో చూపించుకోండి.
5. పౌడరు పిల్లలకు అందనీయకండి. మింగితే వాంతి చేయించకండి. నోరు కడిగి వెంటనే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే మంచి నీళ్లతో పావుగంట కడగండి.

చేసి చూడండి

రెండు సీసాలు తీసుకోండి. ఒకదానిలో బోరు నీళ్లు, రెండోదానిలో వాన నీళ్లు సగం దాకా పోయండి. రెండింటిలో ఒకే అంత సబ్బు ముక్క వేసి బాగా ఊపండి. దేనిలో నురగ ఎక్కువ వచ్చింది? ఎందుకు? కారణం పలక మీద రాయండి.

మీ ఊళ్లో ఉతికిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? అందరూ కలిసి వెళ్లి చూడండి. చర్చించండి.