పల్లె బసలకు ఉమ్మడి చిట్టా - ఫ్రాన్సు దేశపు పద్ధతి

వ్యవసాయముతో పాటు రైతు కుటుంబమునకు అదనపు రాబడి తెచ్చు మార్గములలో యాత్రికులకు బస ఇచ్చుట ఒకటి. అయితే గది ఉన్నంత మాత్రమున అతిథి రాడు. ఆ గది ఎక్కడ ఉన్నది, అద్దె ఎంత, ఏ రోజులలో ఖాళీ, దగ్గరలో చూడదగినవి ఏవి అను సంగతులు దూరమున ఉన్నవానికి తెలియవలెను. ఈ పని ఒంటరి రైతు వలన కాదు. పలువురు కలిసి ఒక చిట్టా నిర్వహించుకొనినప్పుడే సాధ్యపడును. ఈ విషయమున ఫ్రాన్సు దేశపు అనుభవము తెలిసికొనదగినది. 2024లో ఆ దేశమునకు సుమారు 10 కోట్ల మంది విదేశీ యాత్రికులు వచ్చిరి. పట్టణములతో పాటు పల్లెలకు కూడ ఇందులో వాటా ఉన్నది.

పల్లెలలో ఆరంభము

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాన్సు పల్లెల నుండి జనము పట్టణములకు వలసపోవుచుండిరి. ఇండ్లు పాడుపడుచుండెను. అప్పుడు ఆల్ప్స్ కొండ ప్రాంతపు సెనేటరు ఎమీల్ ఒబేర్ ఒక ఉపాయము చెప్పెను. ఖాళీ ఇంటిని బాగు చేసి పట్టణవాసులకు సెలవులలో అద్దెకు ఇచ్చినచో ఇల్లు నిలుచును, రైతుకు రాబడి వచ్చును, పట్టణపు కుటుంబమునకు తక్కువ ఖర్చుతో విశ్రాంతి దొరకును. ఈ విధమైన మొదటి బస 1951లో ఏర్పడెను. వీటిని అచ్చట ‘జీత్’ అందురు. 1955లో వీటి జాతీయ సమాఖ్య ‘జీత్ ద ఫ్రాన్స్’ ఏర్పడెను. సమాఖ్యవారు ప్రతి ఇంటిని తనిఖీ చేసి, దాని సదుపాయములను బట్టి గోధుమ వెన్నుల గుర్తులు ఇత్తురు. హోటళ్ళకు నక్షత్రములు ఎట్లో వీటికి వెన్నులు అట్లు. 1988లో అచ్చటి వ్యవసాయ మండలులు కూడ ‘బియన్వెన్యూ ఆ లా ఫెర్మ్’, అనగా ‘పొలమునకు స్వాగతము’ అను సంఘటనను నెలకొల్పెను. ముఖ్యముగా గమనింపవలసినది ఏమనగా, కంప్యూటర్లు రాక పూర్వమే వారు ఉమ్మడి పేరు, ఉమ్మడి తనిఖీ, ఉమ్మడి జాబితా సమకూర్చుకొనిరి.

ఒక్కసారి వ్రాత, పది చోట్ల వాడుక

ఇంటర్నెట్ వచ్చిన పిమ్మట ఒక్కొక్క ప్రాంతము తన చిట్టాను తానే ఆన్‌లైన్‌లో పెట్టుకొనెను. కాని ఒకరి చిట్టా మరియొకరికి అర్థము కాకుండెను. మన దేశమున మెట్రిక్ కొలతలు రాక ముందు ఒక ప్రాంతపు పుట్టి మరియొక ప్రాంతపు పుట్టితో సరిపోయెడిది కాదు గదా! ఇదియు అట్టిదే.

ఈ చిక్కు తీర్చుటకు ఫ్రాన్సు ప్రభుత్వము 2017లో ‘డాటాటూరిజ్మ్’ అను జాతీయ వేదికను ప్రారంభించెను. ఇది పనిచేయు తీరు ఇట్లుండును. గ్రామ ప్రాంతపు పర్యాటక కార్యాలయమువారు బస, కోట, కొండదారి, తిరునాళ్ళ వివరములను తమ చిట్టాలో నమోదు చేయుదురు. అవి జిల్లా, ప్రాంతీయ చిట్టాల ద్వారా జాతీయ వేదికకు చేరును. అచ్చట అన్నియు ఒకే పదజాలములోనికి మార్చబడి, స్థలములు, ఉత్సవములు, యాత్రా మార్గములు, సేవలు అను తరగతుల క్రింద చేరును. ఈ సమాచారమును ఎవరైనను ఉచితముగా తీసికొని వెబ్‌సైట్లలోను, ఫోను యాప్‌లలోను వాడుకొనవచ్చును. ఎచ్చట నుండి తీసికొన్నదియు, ఏ తేదీ నాటిదియు మాత్రము తెలుపవలెను.

దీని ప్రయోజనము ఒక ఉదాహరణతో తేటపడును. ఒక ఊరి జున్ను సంత శనివారము నుండి ఆదివారమునకు మారినదనుకొనుడు. ఎవరికి వారే జాబితా వ్రాసుకొన్నచో పది చోట్ల దిద్దవలెను. రెండు చోట్ల మరచిపోయిరా, దూరము నుండి వచ్చిన కుటుంబము మూసిన తలుపులు చూచి వెనుదిరుగును. ఉమ్మడి చిట్టా ఉన్నచో ఒక్కచోట దిద్దిన చాలును.

మూడు పనులను కలిపివేయరాదు

ఆన్‌లైన్ విధానములో మూడు వేరు వేరు పనులు కలవు.

1. సమాచారము: బస ఎక్కడ, ఎట్టిది అని చెప్పుట. జాతీయ వేదిక చేయునది ఇదియే.

2. ఖాళీల లెక్క: ఏ తేదీన గది ఖాళీయో చూపుట. ఒకే గదిని రెండు చోట్ల అమ్మకమునకు పెట్టి, రెండు క్యాలెండర్లను జతపరచకున్నచో ఒకే రాత్రికి ఇద్దరు అతిథులు వచ్చెదరు. రైలులో ఒక బెర్తు ఇద్దరికి ఇచ్చినట్లగును.

3. డబ్బు వసూలు: బయానా తీసికొనుట, రద్దయినచో తిరిగి ఇచ్చుట.

రెండవ, మూడవ పనులను పెక్కు చోట్ల ప్రైవేటు కంపెనీలు చేయుచున్నవి. వారు అతిథిని తెచ్చుట నిజము. కాని ప్రతి బసపై నూటికి పది, పదిహేను, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కమీషను తీసికొందురు. అతిథి పేరు, చిరునామా కూడ వారి చేతిలోనే ఉండును. రైతు ఒక్కరినే నమ్ముకొనినచో దళారీ చెప్పిన ధరకు తల ఒగ్గిన వానివలె అగును. ఉమ్మడి చిట్టా ఉన్నచో అతిథి ఆ ఊరిని మరియొక దారిన కూడ కనుగొనగలడు. దీని అసలు విలువ ఇదియే.

మన రైతులకు

ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ వేర్వేరు మార్కెట్ యార్డులను ఒకే ఆన్‌లైన్ వేదికకు చేర్చినది. అచ్చటను సరుకు నాణ్యతను అందరును ఒకే కొలబద్దతో చెప్పినప్పుడే దూరపు వర్తకుడు నమ్మి ధర చెప్పగలడు. పర్యాటకములో కేంద్ర మంత్రిత్వ శాఖవారి ‘నిధి’ చిట్టాలో హోటళ్ళతో పాటు హోమ్‌స్టేలు కూడ నమోదు కావచ్చును. చేనేతకు పేరుగాంచిన భూదాన్ పోచంపల్లి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థవారి ఉత్తమ పర్యాటక గ్రామముల జాబితాలో చోటు సంపాదించెను. పల్లెను చూడవచ్చువారు ఉన్నారనుటకు ఇది నిదర్శనము.

బస ఇవ్వదలచిన రైతులు ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనవలెను.

1. గది ఫొటోలు, అద్దె, దారి, మరుగుదొడ్డి, త్రాగునీటి వివరములు ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను. లేని సదుపాయము ఉన్నదని వ్రాసినచో ఒక అతిథితో పాటు ఊరి పేరు కూడ పోవును.

2. గది నిండిన వెంటనే అన్ని చోట్లను గుర్తు పెట్టవలెను.

3. ఊరిలో నలుగురు బస ఇచ్చువారు ఉన్నచో, వివరములు దిద్దుటకు చదువుకొన్న యువకునికో, యువతికో బాధ్యత అప్పగించవలెను.

4. వ్యవసాయమే అసలు వృత్తి, బస ప్రక్క రాబడి. కోతల కాలమున గది మూసి ఉంచదలచినచో ఆ సంగతియు ముందుగానే చిట్టాలో చూపవలెను.

ఎంత గొప్ప విధానమైనను అతిథిని ఇంటి గుమ్మము వరకే తేగలదు. అచ్చట నుండి అతనిని ఆదరించి, మరల రప్పించుకొనుట ఇంటివారి పని.