గడపకు పసుపు, పక్కన చెప్పుల కుప్ప

ఇవాళ వంటింటి కబుర్లు వద్దు, పిల్లల పరీక్షల గోలా వద్దు. గుమ్మం సంగతి మాట్లాడుకుందాం. శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పండగొస్తే మామిడాకులు కూడా కడతాం కదా! దాని పక్కనే ఒకదానిమీదొకటి ఎక్కిన చెప్పులు, పొట్టయిపోయిన స్కూలు బూట్లు, జత పోయిన హవాయి చెప్పు. లక్ష్మీదేవి వచ్చినా కాలెక్కడ పెట్టాలో వెతుక్కోవాల్సిందే.

పాత ఇళ్ళల్లో ఈ గొడవ ఇంత ఉండేది కాదు. వీధి మెట్ల దగ్గరే చెప్పులు విడిచేవాళ్ళు. అక్కడే గోలెంలో నీళ్ళు, పైన చెంబు. కాళ్ళు కడుక్కుని అరుగెక్కి, వసారా దాటితేగానీ ఇంట్లోకి వచ్చేవాళ్ళు కాదు. దుమ్మూ, బురదా, తడిగొడుగూ అన్నీ దారిలోనే ఆగిపోయేవి. ఇప్పుడు లిఫ్టు దిగితే తలుపు, తలుపు తీస్తే సోఫా. అరుగూ వసారా చేసిన చాకిరీ అంతా గుమ్మం దగ్గరి నాలుగడుగుల చోటు మీద పడింది. అందులో మనం ఏడాదికోసారి వాడే సామాను కూడా కుక్కుతున్నాం.

అందుకే అంటాను, ఆ చోట్లో వారంవారం వాడేవే ఉండాలి. మనిషికి రెండు జతలు చాలు. ఒకటి ఆఫీసుకో కాలేజీకో, ఇంకొకటి పాలపాకెట్టుకు పరుగెత్తడానికి. పెళ్ళిళ్ళకు తొడిగే హీల్సు, అల్లుడుగారికని కొన్న జోళ్ళు అట్టపెట్టెల్లో పెట్టి అటక మీదికి ఎక్కించండి. ఈ పని చెయ్యకుండా ఎంత పెద్ద స్టాండు కొన్నా నెల తిరక్కుండా నిండిపోతుంది.

స్టాండు అనగానే గుర్తొచ్చింది. ఇంట్లో చోటు లేదని దాన్ని కారిడార్లోకి తోస్తాం చూడండి, అది మాత్రం నాకు అస్సలు నచ్చదు. పక్కింటివాళ్ళతో మాటామాటా రావడం అటుంచండి. నిప్పు అంటుకుంటే పొగలో కళ్ళు కనబడవు, కరెంటు ఉండదు, పెద్దవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తారు. కాలికి అడ్డం తగిలేది ఈ స్టాండే. బయటపడే దారుల్లో ఏ అడ్డమూ ఉండకూడదని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెబుతోంది. ‘అందరూ పెట్టారుగా’ అనకండర్రా.

మరి లోపల చోటేదీ అంటారా? మగవాళ్ళ తొమ్మిదో నంబరు బూటు పొడవు దాదాపు 12 అంగుళాలు. దాన్ని బల్లపరుపుగా పెట్టాలంటే అర లోతు 13 అంగుళాలైనా కావాలి. అదే అరను ఏటవాలుగా కొట్టిస్తే తొమ్మిదో పదో అంగుళాల్లో సరిపెట్టవచ్చు, తలుపూ పూర్తిగా తెరుచుకుంటుంది. చెప్పుల బీరువాకి గాలి ఆడే జాలీ తలుపులు పెట్టించండి. చెమట పట్టిన బూటును చీకట్లో మూసిపెడితే వాసన రాక ఏమొస్తుంది? విశాఖ, కాకినాడల్లో ఉండేవాళ్ళకు తోలుజోళ్ళకి బూజు కూడా బోనస్సే. ఆ సముద్రపు తేమగాలికి మామూలు చెక్క ఉబ్బుతుంది కాబట్టి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి. ఇంకో మాట. చాలా ఫ్లాట్లలో ఎం.సి.బి. బాక్సు గుమ్మం దగ్గరే ఉంటుంది. అందంగా ఉంటుందని దాన్ని బీరువా వెనక దాచేయకండి.

వానాకాలంలో తడిసిన బూట్లలో పాత పేపరు ఉండలు చుట్టి కూరి, రెండు గంటలకోసారి మార్చండి. తోలువాటిని ఎర్రటి ఎండలో పెడితే పగులుతాయి, నీడనే ఆరాలి. గుమ్మం బయట కొబ్బరిపీచు పట్టా, లోపల నూలు పట్టా. మిషిగన్‌లో ఉన్న మా పిన్ని కూతురింట్లో గ్యారేజీకీ వంటింటికీ మధ్య తడిబూట్లు విడవడానికే మడ్‌రూమ్ అని ఓ గది ఉంది. అక్కడ మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ తెల్లటి నీళ్ళు నేలకంటకుండా, అంచున్న రబ్బరు ట్రేలో బూట్లు విడుస్తారు. గది మనకు రాదు గానీ ట్రే వస్తుంది కదా! గొడుగుల కింద ఓ పాత ప్లాస్టిక్ పళ్ళెం పెట్టినా చాలు.

తాళంచెవుల కొక్కెం తలుపు తీయగానే బయటివాళ్ళ కంటబడే చోట వద్దు, కిటికీలోంచి చెయ్యి అందే చోట అసలే వద్దు. పిల్లల స్కూలు సంచికి కొక్కెం మూడడుగుల ఎత్తులో కొట్టించండి. వాళ్ళకు అందకపోతే సంచి నేలమీదే పడుతుంది, తిట్లు మాత్రం వాళ్ళకు! హెల్మెట్టుకి వేరే అర ఉంటే మీవారు దాన్ని డైనింగ్ టేబుల్ దాకా మోసుకురారు. రారనే నా ఆశ.

ఇవన్నీ విని వెంటనే కార్పెంటరుకి ఫోను చేసేరు, ఆగండి. ముందు ఈ ఆదివారం ఇంటిల్లిపాది చెప్పులూ హాల్లో కుప్ప పోసి, ఎవరివి వాళ్ళచేత ఏరించండి. మిగిలినవెన్నో లెక్క చూసుకున్నాకే కొలతలు చెప్పి, అడ్వాన్సు ఇవ్వండర్రా.