గైడు బాధ్యత కూడా ఒక అమానతే

పిల్లలు డిగ్రీ పూర్తిచేసే వరకు వారి చదువు ఎలా సాగుతోందో ఇంట్లో అందరికీ తెలుస్తూనే ఉంటుంది. పరీక్షలుంటాయి, మార్కులుంటాయి. పి.హెచ్‌డి.లో చేరాక ఆ కొలతలేవీ పనిచేయవు. "ఇంకా ఎన్నాళ్ళమ్మా?" అని అమ్మీ అడిగితే, "సార్ ఇంకా చాప్టర్ చూడలేదు" అన్నదే జవాబు. లక్డీకాపూల్ దగ్గరి నీలోఫర్‌లో, పంజాగుట్ట నిమ్స్‌లో పి.జి. చేసే డాక్టర్ల ఇళ్ళలోనూ ఇలాంటి మాటే వినవస్తుంది. రాత్రి డ్యూటీ ముగించుకొచ్చి థీసిస్ ముందు కూర్చునేవారు వీరు. వీరి పని సాగడమైనా, ఆగిపోవడమైనా చాలావరకు గైడు చేతిలోనే ఉంటుంది.

ఉస్తాద్ పట్ల శిష్యుడు చూపవలసిన అదబ్ గురించి మనం చాలా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కాని శిష్యుడి పట్ల ఉస్తాద్‌కు గల బాధ్యత గురించి అంతగా మాట్లాడుకోము. గైడులుగా ఉన్న సోదర సోదరీమణులు మన పాఠకుల్లోనూ ఉన్నారు కనుక ఈసారి ఆ సంగతి చూద్దాం.

కూఫా నగరంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) పాఠం ఎలా నడిచేదో గమనించండి. ఆయన ఒక సమస్యను శిష్యుల ముందు పెట్టేవారు. వాదోపవాదాలు జరిగేవి. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మలై) అనేక విషయాల్లో గురువుగారితో విభేదించారు. అయినా వారు ఆయన శిష్యులు కాకుండా పోలేదు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథాల్లో నేటికీ గురువు అభిప్రాయం పక్కనే ఈ ఇద్దరి అభిప్రాయాలూ కనిపిస్తాయి. నేటి ప్రయోగశాలల్లో "సార్, ఈ లెక్క సరిపోవడం లేదు" అని చెప్పగలిగే విద్యార్థులు ఎందరు? ఆ ధైర్యాన్ని విద్యార్థికి ఇవ్వవలసింది గైడే. తప్పుడు ఫలితం పత్రికలో అచ్చయ్యాక బయటపడటం కంటే, గదిలో శిష్యుడి నోట వినడం ఎంతో మేలు కదా!

అబూ యూసుఫ్‌ది పేద కుటుంబం. కొడుకు చదువు మాని సంపాదనలో పడాలని ఇంట్లోవారు కోరుకున్నారు. ఆయన పాఠానికి రావడం తగ్గిపోయింది. ఇమామ్ గారు కారణం అడిగి తెలుసుకున్నారు, డబ్బు సంచి చేతిలో పెట్టారు, అడగకుండానే మళ్ళీ మళ్ళీ ఇస్తూ వచ్చారు అని చరిత్రకారులు ఉల్లేఖించారు. ఆ శిష్యుడే తర్వాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. జీతం మీద బ్రతికే ప్రొఫెసర్ గారు సంచులు ఇవ్వనక్కరలేదు. ఫెలోషిప్ కాగితంపై వారం రోజులు ఆలస్యం చేయకుండా సంతకం చేస్తే చాలు. మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో నిలిపివేసింది. ఆ తర్వాత చేరిన మన పిల్లలకు జె.ఆర్.ఎఫ్. వంటి మిగిలిన దారులు చూపించడం కూడా గైడు పనే.

ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అ) జ్ఞానం కోసం ఒక దైవదాసుని వెంట వెళ్ళిన వృత్తాంతం ఉంది. ఆ గురువు షరతు ముందే చెప్పారు. విడిపోయేటప్పుడు తాను చేసిన ప్రతి పనికీ కారణం వివరించారు. చాలామంది గైడులు ఈ రెండూ చేయరు. ఎన్ని రోజులకొకసారి కలుస్తారు? రాసి ఇచ్చిన అధ్యాయం ఎన్నాళ్ళలో తిరిగి వస్తుంది? వ్యాసంలో మొదటి పేరు ఎవరిది? ఇవి మొదటి నెలలోనే తేల్చుకోవలసిన మాటలు. చివర్లో తేల్చుకుంటే అది గొడవ అవుతుంది. పని విద్యార్థిది, మొదటి పేరు మరొకరిది అయితే దాన్ని హక్కు కాజేయడమనే అనాలి. దానికి మరో మంచి పేరు లేదు.

అసలు గైడే లేకపోతే? 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సెంథిల్ కుమార్ అనే భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. తమిళనాడు నుంచి వచ్చిన దళిత యువకుడు. చేరి నెలలు గడిచినా అతనికి గైడును కేటాయించలేదు. ఒక మరణానికి ఒకే కారణం ఉంటుందని మేము అనడం లేదు. కాని తన పని గురించి మాట్లాడటానికి ఒక మనిషంటూ లేకపోవడం ఎంత బరువో ఊహించుకోవచ్చు.

2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి పి.హెచ్‌డి. గైడుగా ఉండకూడదు. విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ముందు తన ప్రగతిని వివరించాలి. ఇది మంచి ఏర్పాటే. అయితే సంఘం ఆరు నెలలకొకసారి కూర్చుంటుంది. విద్యార్థి నిరాశ అంతవరకు ఆగదు. వారానికి అరగంట, ఫోను పక్కన పెట్టి వింటే చాలా సమస్యలు అక్కడే తీరతాయి.

పోస్ట్ డాక్‌గా పనిచేసేవారి సంగతి వేరు. వారు డాక్టరేట్ పొందినవారు, అయినా ఉద్యోగం స్థిరం కాదు. వెళ్ళేటప్పుడు ఏ పనిని తమ వెంట తీసుకువెళ్ళవచ్చో గైడు ముందే చెప్పాలి. సిఫారసు లేఖను వారి చేతనే రాయించి సంతకం పెట్టే అలవాటు మంచిది కాదు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. పి.హెచ్‌డి. చేస్తున్న అమ్మాయికి పెళ్ళి కుదిరితే "ఇక చదువు చాలు" అనేయకండి. అవే నిబంధనల్లో మహిళలకు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని ఉంది. పెళ్ళయి వేరే ఊరు వెళ్తే, సేకరించిన పరిశోధన సమాచారాన్ని అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలూ ఉంది. నిఖా తేదీ ఖాయం చేసుకునేలోగానే అమ్మాయిని తన గైడుతో ఈ విషయం మాట్లాడమనండి.